టైటానియం గ్రైండింగ్‌లో వీల్‌నీ కూలెంట్‌నీ విడదీసి చూడకు

తమ్ముడూ,

టైటానియాన్ని అరగదీయడానికి ఏ గ్రైండింగ్ వీల్ మంచిదని అడిగావు. ఒక్క వీల్ పేరు చెప్పి ఊరుకుంటే నీకు సగమే చెప్పినట్టు, మిగతా సగం కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం. టీఐ-6ఏఎల్-4వీ (అల్యూమినియం, వెనేడియం కలిపిన టైటానియం) అలాయ్ వేడిని లోపలికి పోనివ్వదు, దాని ఉష్ణవాహకత మామూలు కార్బన్ స్టీల్‌లో ఏడో వంతు ఉంటుందేమో అంతే, అందుకని పుట్టిన వేడంతా వీల్ తగిలే చోటే నిలిచిపోతుంది. పైగా ఆ వేడిలో లోహం వీల్‌లోని గ్రెయిన్లకు, అంటే కోసే గరుకు రేణువులకు, అతుక్కుంటుంది.

నేను మొదట్లో స్టీల్‌కి వాడే వైట్ వీలే (అల్యూమినియం ఆక్సైడ్‌ది), అదే స్పీడులో పెట్టేశాను. నాలుగు పాస్‌లు కాకముందే శబ్దం మారింది. మెషీన్ ఆపి చూస్తే వీల్ ముఖం మీద వెండి చుక్కల్లా టైటానియం అంటుకుని మెరుస్తోంది, జాబ్ (గ్రైండ్ చేస్తున్న ముక్క) మీద నీలం ఛాయ. ఆ రంగును పాలిష్ చేసి దాచొద్దు, కింద తన్యత ఒత్తిడి (లాగే ఒత్తిడి) మిగిలిపోయి ఫెటీగ్ బలం, అంటే పదే పదే పడే భారాన్ని తట్టుకునే శక్తి, పడిపోతుంది.

గ్రీన్ సిలికాన్ కార్బైడ్‌తో మొదలుపెట్టు: 60 గ్రిట్ (రేణువు సైజు), మెత్తటి గ్రేడ్ (రేణువులు తేలిగ్గా ఊడేది), ఓపెన్ స్ట్రక్చర్ (రేణువుల మధ్య ఖాళీ ఎక్కువున్నది). త్వరగా అరుగుతుంది, అయినా అదే నయం. స్పీడు సెకనుకు 20 మీటర్లు దాటనివ్వకు, లోతు 0.01 మి.మీ. దగ్గర ఉంచు, డ్రెస్సింగ్‌కి (వీల్ ముఖాన్ని చెక్కి మళ్లీ పదును చేయడానికి) బద్ధకించకు. సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్), డైమండ్ వీల్స్ ఆకారం బాగా నిలుపుతాయి కానీ ఖరీదెక్కువ, మెషీన్ గట్టిగా ఉండి కూలెంట్ సరిగ్గా అందితేనే ఆ డబ్బుకి ఫలితం.

కూలెంట్ విషయంలో చాలామంది పైపు ఎటో తిప్పి వదిలేస్తారు. తిరిగే వీల్ చుట్టూ గాలి పొర ఒకటి ఉంటుంది, ధార వేగం వీల్ వేగానికి దగ్గరగా లేకపోతే ఆ పొర దాటి లోపలికి వెళ్లదు. ఎంక్యూఎల్‌లో, అంటే అతి తక్కువ నూనెని గాలితో చిమ్మే పద్ధతిలో, నూనె గంటకు పదుల మిల్లీలీటర్లే పడుతుంది, జారుడు బాగా ఇస్తుంది గానీ చల్లబరచడం, చిప్స్ కడగడం దాని వల్ల కాదు. నీట్ ఆయిల్‌తో (నీళ్లు కలపని నూనెతో) రాపిడి తగ్గుతుంది, నీళ్ల ఎమల్షన్ (నీళ్లలో నూనె కలిపినది) వేడిని బాగా లాగుతుంది. క్లోరిన్ ఉన్న నూనె వాడితే జాబ్‌ని శుభ్రంగా కడగందే వేడి ప్రక్రియలకు పంపకు, పగుళ్లు వస్తాయి.

రెండు వీల్స్‌నో రెండు కూలెంట్లనో పోల్చాలంటే ఒకసారికి ఒక్కటే మార్చు, ప్రతిసారీ కొత్తగా డ్రెస్ చేసి మొదలుపెట్టు, లేకపోతే తేడా వీల్‌దో డ్రెస్సింగ్‌దో తేల్చుకోలేవు.

ఇంకొకటి, సన్నటి టైటానియం పొడికి నిప్పంటుకుంటే నీళ్లు పోయకు, మంట ఇంకా పెరుగుతుంది. తడిలేని ఇసుక బకెట్ మెషీన్ పక్కనే పెట్టుకుని, ఆ తర్వాతే స్విచ్ వెయ్యి.