తుపానుకు పడిన కొబ్బరి, మామిడి, పనస మానులను పెరట్లోనే వాడుకోవచ్చా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి దగ్గర మీ పెరట్లో తుపానుకు ఐదు కొబ్బరి చెట్లు, ఒక మామిడి, ఒక పనస పడ్డాయని, దుంగలు అమ్మకుండా తోటలోనే వాడుకోవచ్చా అని అడిగారు. భేషుగ్గా వాడుకోవచ్చండీ. కానీ మూడింటికీ ఒకే పద్ధతి పనికిరాదు. ముందు కొబ్బరి పని చూడండి, మిగతావి కొన్నాళ్లు ఆగుతాయి.

కొబ్బరి మాను కుళ్లడం మొదలైతే కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది. గుడ్డు రెక్కల పురుగు కావడానికి సుమారు ఆరు నెలలు. ఆపైన అది పోయేది నిలబడి ఉన్న చెట్ల మొవ్వులోకే. అది తొలిచిన గాయం దగ్గరికి ఎర్రముక్కు పురుగు చేరిందంటే చెట్టు దక్కడం కష్టం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా ఊరంతా చెట్లు పడితే, ఒక్క పెరట్లో వదిలేసిన మానులు కూడా పక్క తోటలకు ముప్పే.

అందుకే మానును నిండుగా నేలమీద ఉంచొద్దు. మొదలు వైపు బయటి చెక్క గట్టిగా, లోపల మెత్తగా పీచుగా ఉంటుంది. ఆ భాగాన్ని చైన్ రంపంతో నిలువునా చీల్చి, మెత్తనంతా బాడిసతో చెక్కి, బాగా ఎండబెడితే మడులకు అంచు పలకలవుతాయి. నడిమి భాగాన్ని రెండేసి అడుగుల ముక్కలు కోసి, రెండంగుళాల అంచు వదిలి లోపల తొలిస్తే పూలతొట్లు. అడుగున మూడు రంధ్రాలు పెట్టి ఇటుకల మీద నిలపండి. తలభాగం దేనికీ నిలవదు, చీల్చి ఎండబెట్టి పొయ్యిలోకి వాడేయండి. తొట్లలో నెలకోసారి మట్టి కదిపి చూడండి. లావుగా, తెల్లగా, వంకీలా ముడుచుకున్న పురుగులు కనిపిస్తే ఏరి చంపాల్సిందే.

మామిడి దుంగ నేలకు తగిలితే త్వరగా చెదలు పట్టి కుళ్లుతుంది. దాంతో గట్లు కట్టడం కంటే పాతిపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఉద్దానం ఇసుక నేలలో పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది, కుళ్లే చెక్క ఆ నీటిని పట్టి ఉంచుతుంది. ఇంటి గోడకు పది అడుగులైనా దూరంగా, రెండడుగుల లోతు, మూడడుగుల వెడల్పు కందకం తీయండి. అడుగున దుంగలు, వాటి మీద కొమ్మలు వేసి, సందుల్లో మట్టి కూరి, చెక్క నానేదాకా నీళ్లు పెట్టండి. ఆపైన ఎండాకు, నాలుగంగుళాల మాగిన పశువుల ఎరువు, దానిమీద అడుగు మందం మట్టి. మట్టి తక్కువైతే కొమ్ము పురుగు ఆ ఎరువులోకీ దిగుతుంది. కొబ్బరి ముక్కలు మాత్రం ఇందులో వేయొద్దు. చెక్క కుళ్లేకొద్దీ మడి కుంగుతుంది కాబట్టి మొదట్లోనే నేలకంటే అడుగు ఎత్తుగా పోయండి.

ఎక్కువమందికి మొదటి ఏడాదే నిరాశ ఎదురవుతుంది. చెక్కను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కోవడంతో వంగ, మిరప ఆకులు పసుపెక్కి గిడసబారతాయి. మొదటి పంటగా బొబ్బర్లో చిక్కుడో వేయండి. వంగ, గుమ్మడి మరుసటి ఏడాదికి.

పనసను పాతకండి, అంత మంచి చేవ ఉన్న కర్రను మట్టిపాలు చేయకూడదు. పసుపు రంగు చేవకు చెదలు అంత తేలిగ్గా పట్టవు. బెరడు వలిచేయండి, తొలిచే పురుగులు దాని కిందే చేరతాయి. కోసిన చివర్లకు అదే రోజు మైనమో పెయింటో పూస్తే పగుళ్లు తగ్గుతాయి. నీడలో ఆరనిచ్చి, నేలకు అంటకుండా రాళ్ల మీద పెడితే మంచి బల్ల. వాడేసిన ఇంజను ఆయిల్ పూయమని కొందరు చెబుతారు, కూరగాయల మడి పక్కన అది అసలు వద్దు.

రెండడుగుల మందం, ఐదడుగుల పొడవున్న పచ్చి మామిడి దుంగ నాలుగు వందల కిలోల దాకా తూగుతుంది. ఎత్తాలని చూడకుండా సరుగుడు బాదుల మీద గునపాలతో దొర్లించండి. వేళ్లతో లేచిన చెట్టును కోసేటప్పుడు మరీ జాగ్రత్త. మాను తెగిన క్షణంలో వేళ్ల దిమ్మ మళ్లీ గుంటలోకి పడిపోవచ్చు, కాబట్టి గుంటలో గానీ దిమ్మ వెనక గానీ ఎవరినీ ఉండనివ్వకండి.