ఆ ఐదు లక్షలు యాడ నుంచి వచ్చినాయి నాయనా

నాయనా,

విజ్ఞాన సర్వస్వంలో ఎక్కించేదానికని నువ్వు రాసి పంపిన యెరుకల భాష వ్యాసం నిన్న రాత్రి చదివినా, పొద్దున్నే కాఫీ తాగతా ఇంకోసారి చదివినా, రెండోసారికి కోపం ఇంకా ఎక్కువయింది. తెలుగు శుభ్రంగా ఉంది, తప్పుల్లేవు, ఆ మాట ముందే చెప్పేస్తా, తర్వాత మర్చిపోతా కాబట్టి.

రెండో వాక్యంలోనే "ఈ భాషను సుమారు ఐదు లక్షల మంది మాట్లాడుతున్నారు" అని రాసి పడేసినావు. ఎవరు లెక్కపెట్టినారు? ఎప్పుడు? మూలం అని ఒక న్యూస్ సైట్ లింకు పెట్టినావు, తెరిచి చూస్తే ఆడ కూడా ఆ అంకె ఉంది గానీ ఎవరిదో లేదు. అది యాడిదో నాకు తెలుసు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యెరుకల తెగ జనాభా ఐదు లక్షల పైచిలుకు. తెగ జనాభా నాయనా, భాష మాట్లాడేవాళ్ళు కాదు. అవే లెక్కల్లో యెరుకల మా మాతృభాష అని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద 58 వేల పైచిలుకే. ఐదు లక్షలెక్కడ, 58 వేలెక్కడ.

నువ్వు ఎందుకు తప్పిపోయినావో కూడా ఊహించగలను. సెన్సస్ వాళ్ళ భాషల పట్టిక తెరిచింటావు, అందులో రాజ్యాంగం షెడ్యూల్లో ఉన్న భాషలు 22, ఇంకో 99 షెడ్యూల్లో లేనివి, మొత్తం 121, అన్నీ వెతికినా యెరుకల కనపడి ఉండదు. కనపడదు, ఎందుకంటే దాన్ని తమిళం లోపల ఒక వరసగా వేసినారు. తమిళం అనే అంకె కింద ఏయే మాతృభాషల్ని కలిపినారో చూపించే లోపలి పట్టిక ఒకటుంటాది, ఆడ దొరుకుతాది. లంబాడీ కావాలంటే హిందీ కింద వెతకాల, 32 లక్షల మందికి పైగా ఉన్నారు ఆడ. ఆ సర్దుడు సెన్సస్ వాళ్ళ సౌకర్యం కోసం, భాషాశాస్త్రం చెప్పిన తీర్పు కాదు. దాన్ని చూసి "లంబాడీ హిందీకి ఒక యాస" అని రాసే మహానుభావులు ఉన్నారు. నువ్వు అంత దూరం పోలేదు, సంతోషం.

ఇంక నా పిచ్చి చెప్తా విను, ఇంట్లో వాళ్ళకు విని విని చెవులు పోయినాయి. విజ్ఞాన సర్వస్వంలో రాసే ఏ అంకె అయినా, ఏ మాట అయినా, అది ఎవరన్నారో, ఎప్పుడన్నారో, ఎవర్ని అడిగి అన్నారో ఆ వాక్యంలోనే ఉండాల. కింద నోట్‌లో కాదు, వాక్యంలో. కింద నోట్ చదివేవాడు చదువుతాడేమో గానీ కాపీ కొట్టేవాడు చస్తే చదవడు, వాడికి కావాల్సింది అంకె ఒక్కటే, అందుకని వాడు కాపీ కొట్టినా సరే సంవత్సరమూ లెక్కపెట్టినోడూ దాంతోపాటే పోయేటట్టు రాయాల. పెద్ద భాషలకు ఇది అంత అవసరం లేదు, తెలుగు గురించి నువ్వు తప్పు రాస్తే పొద్దున్నే పదిమంది వచ్చి తిడతారు. యెరుకల గురించో కోండ అనే గిరిజన భాష గురించో రాస్తే తిట్టేవాడు లేడు, నువ్వు రాసిందే ఇరవై ఏళ్ళు నిలిచిపోతాది.

ఊరికే అనడం లేదు. నేను బడిపంతులుగా ఉండేటప్పుడు, కంప్యూటర్లు ఇంకా మన ఊరికి రాని రోజుల్లో, ఒక విజ్ఞాన సర్వస్వం సంపుటానికి సవర భాష మీద ఎంట్రీ రాయమన్నారు. పైసలు పెద్దగా లేవు, పేరొస్తాదని ఒప్పుకున్నా. ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీలో సాయంత్రాలు కూర్చొని, ప్రతి వాక్యానికీ "1961 జనాభా లెక్కల ప్రకారం", "గిడుగు రామమూర్తి గారి మాన్యువల్ ప్రకారం" అని రాసి పంపిస్తే, ఆ ఎడిటర్ మహాశయుడు అవన్నీ కత్తిరించేసినాడు. ఏమయ్యా అంటే "పాఠకుడికి అడ్డం తగులుతున్నాయండీ, చదువు సాఫీగా సాగాలి" అన్నాడు. తీసేసింది కాకుండా నెత్తిన "అతి ప్రాచీనమైన" అనే మాట తగిలించినాడు, సొంత ఖర్చుతో. పుస్తకం అచ్చయింది. కొన్నేళ్ళకు ఒక పత్రిక ఆదివారం సంచికలో నేను రాసిన ఆ 1961 అంకె వచ్చింది, సంవత్సరం లేకుండా, ఇప్పటి లెక్క అన్నట్టు. ఆ పత్రిక చూసి ఇంకొకాయన పుస్తకంలో ఎక్కించినాడు. చివరికి ఒక సభలో ఆయనే నాతో వాదానికి దిగి, మీకు తెలీదు, అచ్చులో ఉంది అని నా అంకె నాకే చూపించినాడు! ఆ ఎడిటర్ ఇప్పుడు లేడు పాపం, అయినా ఆ కత్తెర తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతాది.

సరే, ఆ 58 వేలు మాత్రం దేవుడిచ్చిన నిజమా అంటే అదీ కాదు. 2011 ఫిబ్రవరిలో నాకు శ్రీకాళహస్తి పక్కన సెన్సస్ డ్యూటీ పడింది. పదో ప్రశ్న మాతృభాష. ఒక ఇంటి ముందర పెద్దాయన ఈత బరికెలతో బుట్ట అల్లుతా కూర్చొని ఉన్నాడు, అడిగితే తలెత్తకుండానే "తెలుగే ఏసుకో సార్, ఇంకేదన్నా చెప్తే మళ్ళీ ఎవురో ఒకరు అడగను వస్తారు" అన్నాడు. ఇంతలో ఆయన మనవడు బరికెల మీద నుంచి దూకినాడు, ఆయన వాడి మీద అరిచినాడు చూడు, ఆ అరుపులో ఒక్క తెలుగు మాట లేదు. ఇంటాయన ఏది చెప్తే అదే రాయాలనేది రూలు, నేను తెలుగు అనే రాసుకొని పక్కింటికి పోయినా. అందుకే "మాట్లాడేవారు 58 వేలు" అని కూడా రాయొద్దు. "2011 భారత జనాభా లెక్కల్లో 58 వేల పైచిలుకు మంది యెరుకలను తమ మాతృభాషగా చెప్పారు, ఆ లెక్కల్లో దీనిని తమిళం కింద చేర్చారు" అని రాయి. అందంగా లేదంటావు, లేకపోతే పోనీ.

అసలు నాకు ఎక్కువ మండింది చరిత్ర భాగంలో. "దొంగతనాల సమయంలో వాడుకునే రహస్య భాష" అని రాసినావే, దానికి మూలం కూడా ఇచ్చినావు, వందేళ్ళ నాటి ఇంగ్లీషు పుస్తకం. మూలం ఉంది కదా సార్ అంటావు. ఉంది. ఎవరిది? నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా తెచ్చినారు, ఆ చట్టం కింద యెరుకల వాళ్ళను పుట్టుకతోనే దొంగలని ముద్రేసి సెటిల్‌మెంట్లలో పెట్టినారు, స్టువర్టుపురం అట్లా పుట్టిన ఊరే. 1952లో ఆ చట్టం పోయింది. ఆ కాలంలో పోలీసు వాళ్ళూ దొరలూ ఆ జనం మాటలు రాసుకుంది ఎందుకు? పట్టుకునేదానికి. వాళ్ళ చెవికి అర్థం కాని ప్రతి మాటా రహస్యమే. మన ఇంట్లో మనం మాట్లాడుకునేది రహస్య భాష అవుతాదా? ఆ సంగతి ఎత్తకూడదని నేననను, ఎత్తాల్సిందే, కానీ "బ్రిటిష్ కాలపు పోలీసు రచనలు ఈ భాషను దొంగల భాషగా చిత్రించాయి" అని, అన్నోడి పేరు మీద రాయాల. నువ్వు మీదేసుకొని నీ గొంతుతో అన్నావు.

అదే పేరాలో "యెరుకల ఇళ్ళల్లో బయటివాళ్ళు వాకిట్లో కనపడగానే మాట మధ్యలోనే తెలుగులోకి మారిపోతారు, పిల్లలు మాత్రం మర్చిపోయి పాత భాషలోనే సగం వాక్యం ముగిస్తారు" అని ఒక వాక్యం ఉంది. అది ఎవరూ నీకు చెప్పింది కాదు, నువ్వు చూసింది. ఆడ ఆగిపోయినా కాసేపు. ఆ వాక్యం తీసెయ్. ఏం చేస్తాం, నువ్వు చూసింది విజ్ఞాన సర్వస్వంలో పెట్టకూడదు, రేపు ఇంకొకడు తాను చూసినానని ఇంకేదో పెడతాడు, నిన్ను ఒప్పుకుని వాడిని కాదనేది ఎట్లా. కానీ పారెయ్యొద్దు, ఊరి పేరు, తేదీ వేసి ఎవరెవరు ఏమన్నారో నోట్‌బుక్‌లో రాసుకో, దాన్ని వేరే వ్యాసంగా నీ పేరుతో ఏదన్నా పత్రికలో అచ్చేయించు. అప్పుడు ఇంకెవరన్నా నీ పేరు చెప్పి ఎక్కిస్తారు.

కింద యెరుకల వాక్యాలని పది ఇచ్చినావు. అవి ఏఐని అడిగి తెచ్చినావు కదా? నిజం చెప్పు. తమిళాన్ని కొంచెం వంకర చేసి ఇచ్చింది అది. కుప్పం, పలమనేరు దిక్కు తమిళం విన్నోడు ఎవడన్నా ఇట్టే పట్టేస్తాడు. యెరుకల తమిళానికి దగ్గర భాషే, దక్షిణ ద్రావిడంలోదే, అంతమాత్రాన మన తమిళాన్ని వంచితే అది రాదు. 2020లో స్కాట్లండ్ వాళ్ళ స్కాట్స్ భాష వికీపీడియాలో ఏం బయటపడిందో చదువు, అమెరికాలో ఉండే ఒక కుర్రాడు ఆ భాష రాకుండానే, ఇంగ్లీషునే అటూ ఇటూ మార్చి వేల కొద్దీ వ్యాసాలు రాసి పెట్టినాడు, ఏళ్ళ తరబడి ఎవరూ కనుక్కోలేదు. ఆ పది వాక్యాలూ పీకెయ్. అచ్చయిన వ్యాకరణమో పదకోశమో దొరికితే దాన్నుంచి మూడు వాక్యాలు, పేజీ నంబరుతో పెట్టు, దొరక్కపోతే ఖాళీగా వదులు.

ఖాళీ అంటే మీకందరికీ ఎందుకో అంత భయం. మరీ చిన్నదని మొలక వ్యాసం అనే బోర్డు తగిలిస్తారని దాన్ని లాగి లాగి పెంచుతారు, పండగలు, తిండి, దుస్తులు అన్నీ తోసేస్తారు. నాలుగు వాక్యాలకే మూలాలుంటే నాలుగు వాక్యాలే రాయి.

"అంతరించిపోతున్న భాష" అని మూడు చోట్ల రాసినావు. ఇప్పుడు అదొక ఫ్యాషన్ అయిపోయింది, ప్రతి చిన్న భాషకూ ముందే దినం పెట్టేస్తున్నారు. అంటున్నది ప్రమాదంలో ఉన్న భాషల మీద యునెస్కో తెచ్చిన అట్లాసా, మైసూరులోని కేంద్రీయ భారతీయ భాషా సంస్థా, ఏ ఏడాదిలో, ఏ మెట్టు మీద పెట్టినారు, అది చెప్పి రాయి. ఆఖరు పేరాలో ఇంకో ఘోరం, "1961లో 1652 భాషలు ఉండగా ఇప్పుడు 121 మాత్రమే మిగిలాయి" అని. ఆ 1652 జనం చెప్పిన మాతృభాషల పేర్లయ్యా, విడివిడి భాషలు కాదు. 2011లో జనం చెప్పిన పేర్లు తీసుకుంటే 19,569 వచ్చినాయి. వాటిని సరిచూసి 1369 చేసినారు, అందులో పదివేల మందికి పైన ఉన్న 270 బయట పెట్టినారు, వాటిని కలిపి కలిపి 121 చేసినారు. పదివేలకు తక్కువున్న భాషల్ని 1971 నుంచి విడిగా చూపించడమే లేదు. చూపించకపోతే చచ్చిపోయినట్టా? ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఏడ్చే వ్యాసాలు ఎన్ని చూసినానో.

మంచి మూలం ఎట్లా ఉంటాదో చూడాలంటే గిడుగు వారి సవర పని చూడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటా సవర వాళ్ళతోనే మాట్లాడి మాట్లాడి నేర్చుకుని, 1930ల్లో మాన్యువల్, నిఘంటువు తెచ్చినారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి కోండ భాష పుస్తకం 1969ది, అందులో జనం నోట విన్న కథలు ఉన్నది ఉన్నట్టు ఎక్కించి ఉంటాయి, ఆయన చెప్పింది నువ్వు వాటితో సరిచూసుకోవచ్చు. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ దొర చేసిన భారత భాషల సర్వేను మాత్రం చూసి వాడు, ఆ సర్వే మద్రాస్ ప్రెసిడెన్సీలో, హైదరాబాద్, మైసూరు సంస్థానాల్లో జరగనే లేదు, అంటే మన చిత్తూరు సీమ దాంట్లో లేదు. అందులో యెరుకల ముక్క కనపడితే అది వేరే ప్రాంతం వాళ్ళది. కర్ణాటక దిక్కు కొరవ, కొరచ అని, మహారాష్ట్రలో కైకాడి అని వెతుకు, యెరుకల అనే పేరుతోనే వెతికితే సగం పోతాది.

ఫోటోల లైసెన్సుల గురించి అడిగినావు, అదంతా నాకు చేతకాదు. ఇదంతా ఉద్యోగానికి పనికొస్తాదా అని కూడా అడిగినట్టున్నావు.

ద్రావిడ యూనివర్సిటీ లైబ్రరీకి పోయేటప్పుడు ముందు ఫోన్ చేసి అడిగి పో, సెలవు రోజున కుప్పం దాకా పోయి ఊరికే తిరిగి రావద్దు. కొత్త ప్రతి ఈ నెలాఖరు లోపల పంపు, ఆ తర్వాత మా మనవరాలి పెళ్ళి పనులు, నేను దొరకను. వ్యాసం పక్కన ముఖ్యమైన వివరాలు వేసే సమాచారపెట్టెలో అంకె పక్కన 2011 అని వేసిందీ లేందీ మొదట చూస్తా, అది లేకపోతే మిగతాది చదవను.

ఉంటా.