ముఖం మీది వెలుతురు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మనిషి ఫొటో తీయడం గురించే ఉన్నాయి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజుల సందడిని పక్కన పెట్టి, ఒక్క మనిషిని కూర్చోబెట్టి ఆ ముఖం ఆ మనిషిదిగానే కనబడేలా తీయడం ఎలాగని అడిగిన ఐదు ప్రశ్నలను ఎంచుకున్నాను. నల్లగొండలో మూడు దశాబ్దాలుగా స్టూడియో నడుపుతూ చేసి చూసిన సంగతులనే ఇక్కడ చెబుతున్నాను.

ప్రశ్న: మా నాయనమ్మకు ఎనభై ఏళ్ళు దాటాయి. ఇంట్లో ఎవరి ఫోన్‌లో చూసినా ఆమె ఫొటో ఒక్కటీ సరిగ్గా లేదు. ఎండలో తీస్తే కళ్ళు చిట్లిస్తుంది, ఇంట్లో తీస్తే ముఖం నల్లగా, కళ్ళు గుంటలుగా వస్తున్నాయి. నా దగ్గర ఫోన్ తప్ప కెమెరా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, ఈ పనిని వచ్చే పండుగ దాకా వాయిదా వేయకండి. ఇంట్లో పెద్దవారు పోయిన మూడో రోజో నాలుగో రోజో వాళ్ళ పిల్లలు మా స్టూడియోకు వస్తారు. చేతిలో ఆధార్ కార్డు ఉంటుంది, లేదా ఎప్పటిదో పెళ్ళి గ్రూపు ఫొటో ఉంటుంది. అందులో ఆ తల్లి ముఖం బొటనవేలి గోరంత కూడా ఉండదు. పెద్దకర్మ నాటికి దాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టించి ఇమ్మంటారు. చేసి ఇస్తాను, కానీ ఫొటోలో లేని కళ్ళను నేను తెచ్చి పెట్టలేను. మీకు ఇంకా సమయం ఉంది, మీ చేతిలోని ఫోన్ ఈ పనికి సరిపోతుంది.

ముందు గదిలోని ట్యూబులైటు ఆపేయండి. కళ్ళు గుంటలుగా రావడానికి కారణం అదే: వెలుతురు నెత్తి మీద నుంచి దిగితే కనుబొమల నీడ కళ్ళ మీద పడుతుంది. తరువాత దర్వాజ పూర్తిగా తెరిచి, ఎండ నేరుగా లోపలికి పడని వేళ చూసి, గడపకు బారెడు లోపల కుర్చీ వేసి నాయనమ్మను కూర్చోబెట్టండి. ఆమె దర్వాజకు ఎదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా, ఒక చెంప వెలుతురు వైపూ మరో చెంప గది వైపూ ఉండేలా తిరగాలి. మీరు దర్వాజ పక్కగోడకు వీపు ఆనించి, వెలుతురుకు అడ్డం రాకుండా నిలబడండి. ఇప్పుడు ఫోన్ ఎత్తకుండా ఆమె కళ్ళలోకి చూడండి. కనుగుడ్డు మీద దర్వాజ ఆకారంలో చిన్న తెల్లని మెరుపు కనబడుతుంది. ఆ మెరుపు ఉంటే చూపులో జీవం ఉంటుంది. అది కనబడకపోతే ఆమె గడ్డాన్ని కొద్దిగా ఎత్తమనండి, లేదా కుర్చీని ఒక జానెడు జరపండి. ఇతర లోపాలు నలుగురికీ తెలియకపోవచ్చు గానీ, మెరుపు లేని కన్ను ఎవరికైనా వెంటనే తెలిసిపోతుంది.

గది వైపు చెంప మరీ చీకటిగా ఉంటే, ఆ పక్కన రెండడుగుల దూరంలో ఉతికిన తెల్లపంచెను ఎవరినైనా పట్టుకోమనండి. స్టేషనరీ దుకాణంలో దొరికే థర్మోకోల్ షీటు అయితే ఇంకా మంచిది. వెలుతురు దాని మీద తగిలి తిరిగి చెంప మీదికి వస్తుంది. పంచెను దగ్గరికి తెస్తే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. నీడను మొత్తం చెరిపేయవద్దు. ముడతల లోతు, దవడ గీత, ముక్కు ఎత్తు మనకు తెలిసేది ఆ నీడ వల్లనే. కుర్చీ ఎక్కడ వేస్తారన్నది కూడా అంతే ముఖ్యం. చిన్న దీపానికి దూరం రెట్టింపు చేస్తే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. దర్వాజ వంటి వెడల్పైన వెలుతురుకు లెక్క అంత కచ్చితంగా ఉండదు గాని, రెండు బారలు లోపలికి జరిగితే ఫోన్ అవస్థ పడేంత తగ్గుతుంది.

ఉత్తరపు వాకిలి ఉంటే అదృష్టమే. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు రావడానికి కారణమైన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో స్టూడియోలు పగటి వెలుతురు మీదనే నడిచేవి. నేరుగా ఎండ పడని దిక్కుకు అద్దాలు పెట్టి, తెరలు లాగి వెలుతురును అదుపు చేసేవారు. అయితే మనం ఉన్నది సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర కాబట్టి, మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగానే ఉంటాడు. ఉత్తరపు వాకిట్లోకి ఎండ రాదని పుస్తకాల్లో చదివి ఆ రోజుల్లో మోసపోకండి.

ఒక అభ్యాసం చెబుతాను. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, గడప లోపల నిలబడి, మీ ముఖాన్నే చూసుకుంటూ నిలబడిన చోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. అదే ముఖం, అదే దర్వాజ. కానీ ఒకచోట ముఖం చదునుగా, ఒకచోట సగం చీకటిగా, ఒకచోట ముక్కు నీడ పెదవి అంచు దాకా దిగి నిండుగా కనబడుతుంది. వీలైతే నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయాసోమేశ్వరాలయానికి కూడా వెళ్ళండి. గర్భగుడిలో పడే స్తంభపు నీడ పొద్దు తిరిగినా చోటు మారదు. లోపలికి వస్తున్నది నేరుగా ఎండ కాదు, బయట చెదిరి దర్వాజ గుండా చేరే వెలుతురు. మీ నాయనమ్మ ముఖం మీద మీకు కావలసింది అటువంటిదే.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కెమెరా కొన్నాను, దానితో 18–55 లెన్స్ వచ్చింది. పిల్లలమర్రి దగ్గర స్నేహితుల ఫొటోలు తీస్తే ముక్కులు లావుగా వస్తున్నాయి, ముఖం మీద మచ్చలు పడుతున్నాయి. 85 లెన్స్ కొంటే తప్ప పోర్ట్రెయిట్ రాదని ఒకరు అన్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: అప్పు చేసి లెన్స్ కొనవద్దు. ముక్కు లావుగా రావడం లెన్స్ దోషం కాదు, మీరు నిలబడిన దూరం దోషం. ముక్కు కొసకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటాయనుకుందాం. అడుగు దూరం నుంచి, అంటే 30 సెంటీమీటర్ల నుంచి తీస్తే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ముక్కు చెవికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు దగ్గర కాబట్టి ఆ లెక్కనే ఉబ్బి కనబడుతుంది. అదే రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా నూటికి ఆరు వంతులే. మీ లెన్స్‌ను జూమ్ చివరి అంకె 55 దగ్గర పెట్టి రెండు మీటర్లు వెనక్కి నడవండి. మీ కెమెరా సెన్సార్ (లోపల బొమ్మను పట్టే పలక) చిన్న రకమైతే, 55 అన్నది పెద్ద సెన్సార్ మీద 82 నుంచి 88 మధ్య లెన్స్ చూపినంత మేరనే చూపుతుంది. అంటే ఆయన కొనమన్నది దాదాపు మీ చేతిలోనే ఉంది. ఫోన్‌తో తీసేవారు కూడా ఇదే దూరంలో నిలబడి రెండింతల జూమ్ వాడాలి.

వెనక మసకబారడం గురించి మీరు అడగలేదు గానీ, తరువాతి ప్రశ్న అదే అవుతుంది. మీ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది; అంకె తగ్గేకొద్దీ లెన్స్ కన్ను పెద్దదవుతుంది, స్పష్టంగా కనబడే లోతు తగ్గుతుంది. 5.6తోనే వెనక మసకబారాలంటే స్నేహితుణ్ణి గోడకు ఆనించకుండా, గోడకు పదిహేను అడుగులు ముందుకు రమ్మనండి. ఎప్పుడైనా డబ్బు కూడితే 50 ఎఫ్ 1.8 కొనండి, అయితే కొన్న మొదటి రోజే 1.8 దగ్గర తీయకండి. దగ్గరి నుంచి తీస్తే ఒక కన్ను స్పష్టంగా ఉండి రెండోది మసకవుతుంది. 2.8 దగ్గర మొదలుపెట్టండి. ఫోకస్ బిందువు ఒక్కటే ఎంచుకుని కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. కూర్చున్న మనిషికి షట్టర్ తెరిచి ఉండే సమయం 1/125 సెకను చాలు, కుదురు లేని పిల్లలకు 1/250 కావాలి.

ఇక మచ్చలంటారా, అవి మర్రి ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ. నడుమకు పోకుండా నీడ అంచుకు రండి. స్నేహితుణ్ణి నీడలోనే ఉంచి, ముఖం బయటి ఆకాశం వైపు తిప్పించండి.

ప్రశ్న: మా ఇంటివాళ్ళది చామనఛాయ, నాది నలుపు. ఫొటోలో అయితే బూడిద రంగుగా వస్తాం, లేదంటే కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనబడవు. స్టూడియోలో ఇస్తే గుర్తు పట్టలేనంత తెల్లగా చేసి ఇస్తున్నారు. మా రంగు మాకు రావాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. చాలా ఏళ్ళ క్రితం ఒక తల్లి తన బిడ్డను పెళ్ళి సంబంధాల ఫొటో కోసం తీసుకువచ్చి, కొంచెం తెల్లగా చేయమని అడిగింది. చేశాను. ప్రింటు తీసుకోవడానికి వచ్చిన ఆ అమ్మాయి కవరు తెరిచి చాలాసేపు చూసి, "సార్, ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆనాటి నుంచి టచింగ్‌లో మొటిమను తీస్తాను, రంగును ముట్టుకోను.

మీ బాధకు సగం కారణం కెమెరా లెక్క. ఎదుట ఉన్నదంతా కలిపితే మధ్యస్థమైన బూడిద రంగు అవుతుందని అది అనుకుంటుంది. వెనక తెల్లసున్నం గోడ ఉంటే, అంత తెలుపు ఎక్కువైందని మొత్తాన్ని తగ్గిస్తుంది. మీ ముఖం చీకటైపోతుంది. వెనక నల్లని తలుపు ఉంటే మొత్తాన్ని పెంచి, మీ నలుపును వెలిసిన బూడిదగా చేస్తుంది. అందుకే ఫోన్‌లో ముఖం మీద వేలు పెట్టి తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరిపి, అద్దంలో కనబడే రంగు వచ్చేదాకా సరిచూడండి. కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తులున్న మీట అందుకే ఉంది. బ్యూటీ మోడ్‌ను ఆపేయండి. అది రంగుతో పాటు చర్మాన్నీ తుడిచేస్తుంది. తెల్లని, ముదురు రంగుల గోడలను వదిలి, మట్టి రంగు లేదా గోధుమరంగు గోడ ముందు కూర్చోండి. నీలం, ఆకుపచ్చ రంగు వేసిన గోడలు తమ రంగును చెంపకు అంటిస్తాయి.

మిగతా సగం వెలుతురు పని. నల్లని చర్మం అందం మెరుపులో ఉంటుంది. పక్క నుంచి వచ్చే వెడల్పైన వెలుతురులో చెంప ఎముక మీద, నుదుటి వంపున, ముక్కు దూలం మీద సన్నని మెరుపు గీతలు లేస్తాయి, ముఖానికి ఆకారం వాటి నుంచే వస్తుంది. పౌడరు దట్టంగా రాస్తే ఆ మెరుపు చచ్చి, బూడిద మిగులుతుంది. మొహం కడుక్కుని, రవ్వంత కొబ్బరినూనె అరచేతిలో రుద్ది చెంపలకు అద్దుకుని కూర్చోండి. ఎదురుగా ఫ్లాష్ మాత్రం వద్దు.

ప్రశ్న: మా నాయిన గుంటమగ్గం మీద తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్ట నేస్తాడు. పని చేస్తుండగా తీయాలని ఉంది. గది చీకటి, ఫ్లాష్ వేస్తే ఆయన ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది, వేయకపోతే అంతా కదిలిపోతుంది.
– ఒక పాఠకుడు, పుట్టపాక

జవాబు: ముందు నేల మీద కూర్చోండి. గుంటమగ్గం మీద మీ నాయిన కాళ్ళు గుంటలో పెట్టుకుని నేల మట్టానికి కూర్చుంటాడు. మీరు నిలబడి తీస్తే తల మాడు తప్ప ముఖం రాదు. కెమెరా ఆయన కళ్ళ ఎత్తుకు దిగాలి. కిటికీ ఏ పక్కన ఉందో చూసుకుని, ఆ వెలుతురు మగ్గానికి అవతలి వైపు నుంచి ఏటవాలుగా ముఖం మీద పడే చోట కూర్చోండి.

ఐఎస్ఓను, అంటే కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెను, 1600కో 3200కో పెంచడానికి భయపడవద్దు. ఫొటోలో ఇసుక చల్లినట్టు గింజలు వస్తాయి, కానీ గింజలున్న ముఖాన్ని చూడగలం, కదిలిపోయిన ముఖాన్ని చూడలేం. షట్టర్ 1/60 దగ్గర పెట్టి మోకాలి మీద మోచేయి ఆనించండి. నాడె విసిరే చేయి కదిలినట్టు రావడం మంచిదే, అది పని కదా. ముఖం నిలిచే క్షణం వేరే ఉంది: పడుగు (నిలువు పోగులు) మీది డిజైనుతో పేక (అడ్డపోగులు) డిజైను కలిసిందా అని పోగును సరిచూసుకోవడానికి ఆయన చేయి ఆపి వంగినప్పుడు, ఆ రెండు మూడు క్షణాలు కనురెప్ప కూడా కదలదు. దాని కోసం ఎదురు చూడండి. మగ్గం మీద వేలాడే బల్బును ఆపమనకండి, ఆయన పనికి అది కావాలి. కెమెరాను చూడమని కూడా అడగకండి. అరగంట మాట్లాడకుండా పక్కన కూర్చుంటే మీరున్న సంగతి ఆయన మరిచిపోతాడు. ఫొటో అప్పుడు తీయండి.

ప్రశ్న: మా అమ్మానాన్నల ఫొటో బాగా వచ్చింది. వాట్సాప్‌లో పంపితే స్టూడియో వాళ్ళు పెద్ద సైజు రాదంటున్నారు. ఎందుకు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వాళ్ళు చెప్పింది నిజమే. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది. 12 అంగుళాలకు 18 అంగుళాల ప్రింటు అంగుళానికి 300 చుక్కల చొప్పున నిండుగా రావాలంటే 3600కు 5400 చుక్కలు కావాలి. అందులో సగం ఉన్నా గోడ మీద ఫరవాలేదు, అంతకన్నా తగ్గితే కనురెప్పలు అంటుకుపోతాయి. ఫొటోను డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్వయంగా వెళ్ళండి. గ్లాసీ కాగితం మీద ఎదురు దర్వాజ వెలుతురు తళుక్కుమని ముఖం కనబడదు కాబట్టి మ్యాట్ కాగితం అడగండి. రంగు పెంచవద్దని, టచింగ్ చేయవద్దని ముందే చెప్పండి. ఫ్రేము కట్టించే ముందు ప్రింటు వెనక అమ్మానాన్నల పేర్లు, ఊరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ముందు వైపుకు ఊరుతుంది.