విమ్‌లో మాక్రోను దిద్దడం

ప్రశ్న: విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ‘ఏ’ రిజిస్టర్‌లో (పాఠ్యం దాచుకునే చోటు) దాచుకున్న పొడవాటి మాక్రోలో (రికార్డు చేసుకున్న మీటల వరుస) ఒక్క అక్షరం తప్పుపడింది. మొత్తం మళ్లీ రికార్డు చేయక తప్పదా?

జవాబు: అక్కర్లేదండీ. మాక్రో అంటే రిజిస్టర్‌లో ఉన్న మామూలు పాఠ్యమే కాబట్టి, ఖాళీ వరుసలో డబుల్ కోట్, ఏ, పీ మీటలు వరుసగా నొక్కితే అది తెరపైకి వస్తుంది. తప్పు దిద్ది, వరుస మొదటికి వెళ్లి డబుల్ కోట్, ఏ, వై, డాలర్ నొక్కితే తిరిగి అదే రిజిస్టర్‌లో చేరుతుంది. డాలర్‌కు బదులు వై మీటనే రెండోసారి నొక్కే అలవాటు చాలామందికి ఉంటుంది. అలా చేస్తే వరుస చివరి గుర్తు కూడా మాక్రోలో చేరి, నడిపిన ప్రతిసారీ కర్సర్ అదనంగా ఒక వరుస కిందికి జారుతుంది. ఎస్కేప్ మీట తెరపై రెండు గుర్తులుగా కనిపించినా అది ఒకే అక్షరం, కనుక కొత్తగా చేర్చాలంటే ఇన్సర్ట్ మోడ్‌లో (అక్షరాలు టైపు చేసే స్థితి) కంట్రోల్-వి నొక్కాకే ఎస్కేప్ నొక్కాలి. మాక్రో చివర ఏదైనా జోడించడమే పనైతే ఇంత శ్రమ దేనికి, రికార్డింగు మొదలుపెట్టే క్యూ మీట తర్వాత పెద్ద (క్యాపిటల్) ‘ఏ’ నొక్కి రికార్డు చేస్తే చాలు.