స్టాక్ మార్చే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి శ్రీకర్‌కి,

ఆశీస్సులు. రూగర్ 10/22 రైఫిల్ కొన్నానని, దానికి కొత్త స్టాక్ (రైఫిల్ లోహభాగాన్ని పట్టి ఉంచి, భుజానికి ఆనే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) చూసి ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టేశానని, "ఆర్డర్ చేసేయనా మామయ్యా?" అని ఫోన్‌లో అడిగావు. ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో ఫోన్‌లో చెబితే సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు అసలు మార్చాలా వద్దా అన్నది చూడు. 10/22 1964 నుంచీ వస్తున్న రైఫిల్. దానికి దొరికినన్ని స్టాకులు, విడిభాగాలు ఇంకే .22కీ (సన్న తూటా వాడే రైఫిల్‌కీ) దొరకవేమో. దొరుకుతున్నాయి కదా అని మార్చడం వేరు, అవసరమై మార్చడం వేరు. మామూలు మోడల్లో ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి దాకా పొడవు పదమూడున్నర అంగుళాలు. మోచేయి మడిచి, స్టాక్ చివర మోచేతి మడతలో ఆనించి చూడు. చూపుడువేలు ఇబ్బంది లేకుండా ట్రిగ్గర్ దాకా అందితే పొడవు నీకు సరిపోయినట్టే. రెండోది చెంప. నువ్వు స్కోప్ (గురి చూసే దుర్భిణి) పెట్టావు కాబట్టి ఇదే ముఖ్యం. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించి, చెంప హాయిగా ఆనేచోట ఆన్చి, అప్పుడు కళ్ళు తెరువు. స్కోప్‌లో పూర్తి వలయం కనిపిస్తే స్టాక్ జోలికి వెళ్ళకు. గడ్డం మాత్రమే ఆని, మెడ పైకి సాచాల్సి వస్తే అప్పుడు మార్చడంలో అర్థం ఉంది. లుక్ కోసం మార్చుకునేవాళ్ళు లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. డబ్బు వాళ్ళది.

ఇక అసలు సంగతి. ఇక్కడ అమెరికాలో చట్టం దృష్టిలో గన్ అంటే రిసీవర్, అంటే బోల్ట్, ట్రిగ్గర్ భాగాలు కూర్చునే లోహపు పెట్టె. సీరియల్ నంబర్ ఉండేది దాని మీదే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరిగేది దానికోసమే. స్టాక్ ఉత్త ముక్క. ప్రెషర్ కుక్కర్ వచ్చినట్టే అట్టపెట్టెలో గుమ్మం ముందుకు వస్తుంది, ఎవడూ కాగితం అడగడు. అడగరు గనక తప్పేముందిలే అనిపిస్తుంది. కానీ చట్టం చూసేది ఆ ముక్కను నువ్వు కొన్నావా లేదా అని కాదు, దాన్ని బిగించాక నీ చేతిలో ఉన్నది ఏమైంది అని. కౌంటర్ దగ్గర ఆపేవాడు లేడు కాబట్టి ఆ లెక్క నువ్వే చూసుకోవాలి.

నీకు గ్రీన్ కార్డు వచ్చేదాకా నిన్ను తుపాకీ కాల్చే రేంజ్‌కి తీసుకెళ్ళలేదని నామీద చాలాకాలం అలిగావు. దానికి కారణం ఇప్పుడు చెబుతాను. హెచ్-1, ఎఫ్-1, ఎల్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనడమే కాదు, చేతిలో పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది, ఇంకా ఒకటి రెండు ఉన్నాయి గానీ, వాటి మీద ఆధారపడేవాడు ముందు లాయర్‌ని అడగాలి. ఫ్లోరిడాలో ఎమిరేట్స్ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని యూనివర్సిటీ తీసేసింది, దాంతో వీసా స్టేటస్ పోయింది. తర్వాత అతను రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. దాని మీద కేసు పెట్టారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలి అని 2019లో కోర్టు చెప్పింది. చెప్పింది సరే, అక్కడిదాకా వెళ్ళేసరికి మనిషి జీవితం ఏమవుతుందో ఆలోచించు.

ఇప్పుడు నువ్వు కొనుక్కోవచ్చు. నీ రూమ్మేట్ మాత్రం ఇంకా హెచ్-1 మీదే ఉన్నాడు. "ఒక్కసారి పట్టుకుని చూస్తాను" అన్నా ఇవ్వకు. సేఫ్ తాళం, కోడ్ అతనికి తెలియకూడదు. స్నేహితుణ్ణి అనుమానించినట్టు అవుతుందని మొహమాటపడకు, అతని వీసా కోసమే ఇది. ఇంకోటి, గ్రీన్ కార్డు ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆయుధాల చట్టం కింద శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాణ్ణి కూడా దేశం నుంచి పంపించే వీలు ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉంది. సిటిజన్‌కి జైలుతో పోయేది నీకు దేశం వదిలి పోయేదాకా వస్తుంది.

అందుకే నీ కార్ట్ ఆపించాను. నువ్వు రైఫిల్‌తో పాటు మీ మేనేజర్ దగ్గర చూసిన రూగర్ ఛార్జర్ అనే తుపాకీ గురించి కూడా చెప్పావు గుర్తుందా? "అది కూడా 10/22యే మామయ్యా, చిన్న సైజు" అన్నావు. లోపలి రిసీవర్ అదే, కాదనను. కానీ ఛార్జర్ పిస్టల్‌గా అమ్మే తుపాకీ, మామూలుగా దాని బ్యారెల్ పది అంగుళాలు. నువ్వు తెప్పిస్తున్న స్టాక్ దానికీ దాదాపు అదే స్క్రూతో పట్టేస్తుంది. పట్టిన క్షణంలో అది షార్ట్ బ్యారెల్ రైఫిల్ అవుతుంది. 1934 నాటి నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం బ్యారెల్ 16 అంగుళాలకు తక్కువైనా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తక్కువైనా ఆ రైఫిల్‌ని తయారుచేయక ముందే ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ) దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. చేయించకుండా చేస్తే పదేళ్ళ దాకా జైలు. ఒకే స్టాక్, ఒకే స్క్రూ, నీ గన్ మీద పెడితే హాబీ, మీ మేనేజర్ గన్ మీద పెడితే ఫెలనీ, అంటే పెద్ద నేరం. "ఓసారి పెట్టి ఫొటో తీసుకుందాం" అని శనివారం సరదాగా అనుకునేది కూడా ఇందులోకే వస్తుంది. ఆయన అడిగినా నవ్వి ఊరుకో.

నీ రైఫిల్ మామూలు కార్బైన్ (10/22లో అందరూ కొనే పొట్టి రకం) అయితే బ్యారెల్ పద్దెనిమిదిన్నర అంగుళాలు, మొత్తం 37. మామూలు స్టాక్ ఏది పెట్టినా ఈ పొడవుల గొడవ రాదు. నీ ఎదురుగా ఉన్న గొడవ వేరే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగం వస్తే మారిపోతానన్నావు చూడు, అదీ.

మనముండే టెక్సాస్‌లో రైఫిల్ స్టాక్ ఆకారాన్ని బట్టి నిషేధించే రాష్ట్ర చట్టం లేదు. న్యూజెర్సీ అలా కాదు. మ్యాగజైన్ (తూటాలు పట్టే డబ్బా) ఊడదీయగల సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి, అంటే నీ 10/22 లాగా ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కటి కాల్చి తర్వాతి తూటాని తానే ఎక్కించుకునేదానికి, ఐదు లక్షణాలు చెప్పి, వాటిలో రెండు ఉంటే అసాల్ట్ ఫైర్ఆర్మ్ కింద లెక్కేస్తారు: మడిచే లేదా లోపలికి జరిపే స్టాక్, పిస్టల్ గ్రిప్ (కిందికి పొడుచుకొచ్చే పిడి), బయొనెట్ తగిలించే చోటు, ఫ్లాష్ సప్రెసర్ (కాల్చినప్పుడు వచ్చే మెరుపుని తగ్గించేది) లేదా దాన్ని బిగించేలా మరలున్న బ్యారెల్, గ్రెనేడ్ లాంచర్. నువ్వు కార్ట్‌లో పెట్టినది మడిచే స్టాక్, దానికి పిస్టల్ గ్రిప్ కలిసే ఉంది. అంటే ఆ ఒక్క వస్తువుతోనే రెండు లక్షణాలూ వచ్చేశాయి. "ఇది .22 కదా, చిన్నది కదా" అనే మాట అక్కడ నడవదు. కాలిఫోర్నియాలో థంబ్‌హోల్ (బొటనవేలు దూర్చే రంధ్రమున్న స్టాక్), మడిచే స్టాక్ లాంటి లక్షణాల నిషేధం సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో కొట్టి పేల్చే) సెమీ ఆటోలకే, .22 రిమ్‌ఫైర్‌కి (అంచున కొట్టి పేల్చేదానికి) కాదు. ఎవరో కాలిఫోర్నియా వాడు చెప్పిన మాట పట్టుకుని న్యూజెర్సీ వెళ్తే మునిగినట్టే. న్యూయార్క్ ఇంకా కఠినం, అక్కడ 2013 చట్టం తర్వాత ఒక్క లక్షణం చాలు. పైగా న్యూజెర్సీలో పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ ఉండకూడదు. రైఫిల్‌తో వచ్చిన గుండ్రటి పది తూటాల మ్యాగజైన్ సరే, 25 తూటాలది ఉంటే మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళు.

నా సలహా ఏంటంటే, మడిచేది వద్దు. ఎక్కడైనా నిలిచేది మామూలు ఆకారంలో ఉన్న కదలని స్టాక్. మ్యాగ్‌పుల్ వాళ్ళ హంటర్ ఎక్స్-22 చూడు, మధ్యలో పలకలు పెట్టి పొడవు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బ్యారెల్ కూర్చునే ట్రేని తిప్పి పెడితే సన్న బ్యారెల్‌కీ, లావు బ్యారెల్‌కీ రెండిటికీ సరిపోతుంది. చెక్క ఇష్టమైతే సౌత్ డకోటాలో బాయ్డ్స్ వాళ్ళు లామినేట్‌లో (పొరలు అతికించిన చెక్కలో) చేసిస్తారు. చెక్కది కొంటే ఒకటి గుర్తుంచుకో. పైన నున్నగా మెరుస్తున్నా బ్యారెల్ కూర్చునే గాడి లోపల పచ్చిగా వదిలేస్తే తేమ పీలుస్తుంది. లోపల కూడా ఒక పూత వేయాలి. ఏది కొన్నా టేక్‌డౌన్ (రెండు ముక్కలుగా విడదీసే) మోడల్‌కా, మామూలు మోడల్‌కా, సన్న బ్యారెల్‌కా, 0.920 అంగుళాల లావు బ్యారెల్‌కా అన్నది చూసి కొను. వెనక్కి పంపే స్టాకుల్లో సగం ఈ తేడాతోనే వెళ్తాయని నా అనుమానం.

పేరులో స్టాక్ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. బంప్ స్టాక్ (తుపాకీ వెనక్కి తన్నే ఊపుతో వెంటవెంటనే కాల్చేలా చేసేది) అనేది కనిపిస్తే దాటెయ్. ఫెడరల్ నిషేధాన్ని సుప్రీంకోర్టు 2024లో కొట్టేసిన మాట నిజమే గానీ, న్యూజెర్సీతో సహా చాలా రాష్ట్రాల్లో సొంత నిషేధాలు ఉన్నాయి. నీకు దాంతో పనీ లేదు. అలాగే రేపెప్పుడైనా పాత చైనా ఎస్‌కేఎస్ రైఫిల్ కొని దానికి కొత్త స్టాక్ పెట్టాలనిపిస్తే నన్నడుగు. బయటి దేశంలో తయారైన సెమీ ఆటో రైఫిల్‌ని మార్చి, దిగుమతి నిషేధం ఉన్న ఆకారంలోకి తెస్తే, 20 భాగాల జాబితాలో విదేశీ భాగాలు పదికి మించకూడదని ఇంకో లెక్క ఉంది. ఆ జాబితాలో స్టాక్, పిస్టల్ గ్రిప్ కూడా ఉన్నాయి. నీ రూగర్ ఇక్కడే తయారైంది కాబట్టి ఆ తలనొప్పి లేదు.

పని చేసేటప్పుడు ఇలా చెయ్. బల్ల మీద తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, పక్క గదిలో పెట్టు. మ్యాగజైన్ తీసెయ్, బోల్ట్ (పక్కనున్న పిడితో లాగేది) వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటులోకి) కంటితో చూసి, తర్వాత వేలితో కూడా తడిమి చూడు. కింద పాత తెల్లటి తువ్వాలు పరుచుకో. ఎందుకో చెబుతా. మామూలు కార్బైన్‌కి ముందు బ్యారెల్‌ని, చెక్కని కలిపి పట్టే బ్యాండ్ ఒకటి ఉంటుంది. దాని స్క్రూ వదులు చేసి ముందుకు జరిపి తీసెయ్. తర్వాత మ్యాగజైన్ పెట్టే గాడికి ముందున్న పెద్ద స్క్రూ. స్క్రూ గాడికి సరిగ్గా నిండే బిట్ వాడు, వంటింటి డ్రాయర్‌లోది కాదు. గాడి చెడితే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

ఇక్కడే కొత్తవాళ్ళు చాలామంది ఇరుక్కుంటారు. స్క్రూ పూర్తిగా వచ్చినా రైఫిల్ బయటికి రాదు. బలంగా లాగితే చెక్క చీలుతుంది. సేఫ్టీ బటన్ ఒక పక్కకు పొడుచుకుని ఉండటమే కారణం. దాన్ని ఇటూ అటూ కాకుండా సరిగ్గా మధ్యలో ఉంచు, రెండు వైపులా సమంగా లోపలికి దిగుతుంది. అప్పుడు బ్యారెల్ పట్టుకుని ముందు భాగం పైకెత్తు, వెనక భాగం దానంతటదే జారి వస్తుంది. వచ్చాక వెంటనే ఒక పక్కకు వాల్చకు. రిసీవర్ వెనక అడ్డంగా ఉన్న లావుపాటి పిన్ను, ట్రిగ్గర్ భాగాన్ని పట్టే రెండు సన్న పిన్నులు స్టాక్ గోడల ఆసరాతోనే నిలుస్తాయి. ఆసరా పోయాక టక్కున రాలతాయి. తువ్వాలు అందుకే.

కొత్త స్టాక్‌లో పెట్టేటప్పుడు ముందు వెనక భాగం దించి, తర్వాత ముందు భాగం కిందికి దించు. సేఫ్టీ ఈసారి కూడా మధ్యలోనే ఉండాలి. స్క్రూ చేత్తో తిప్పినంతసేపు చేత్తోనే తిప్పు. చివరి బిగింపుకి టార్క్ స్క్రూడ్రైవర్ (ఎంత బిగించాలో కొలత పెట్టుకునేది) ఉంటే స్టాక్‌తో వచ్చిన కాగితంలో చెప్పినంత బిగించు. చాలామంది 15 నుంచి 20 ఇంచ్-పౌండ్ల మధ్య బిగిస్తారు. ఎక్కువ బిగిస్తే గురి బాగుంటుందనుకోకు, చెక్క నలుగుతుంది అంతే. బ్యారెల్‌ని ఆనకుండా చేసిన స్టాక్ అయితే ఒక డాలర్ నోటు బ్యారెల్ కింద పెట్టి వెనక్కి లాగు. రిసీవర్ దగ్గరి దాకా తగలకుండా వెళ్ళాలి. సేఫ్టీ రెండు వైపులా నొక్కి చూడు, బోల్ట్ స్వేచ్ఛగా కదులుతోందా, ఖాళీ మ్యాగజైన్ పట్టి ఊడుతోందా చూడు. ఇవన్నీ ఖాళీ తుపాకీతోనే. రూగర్ వాళ్ళ మాన్యువల్ వాళ్ళ సైట్లో ఉచితంగానే ఉంటుంది, నా ఉత్తరం కంటే దాన్నే ఎక్కువ నమ్ము.

రేంజ్‌లో మొదటిసారి మ్యాగజైన్ నింపేయకు. రెండేసి తూటాలు పెట్టి కాల్చు. స్టాక్ మారితే తూటా తగిలేచోటు మారుతుంది, స్కోప్ పాడైందని కంగారుపడకు. 25 గజాల దగ్గర మొదలుపెట్టి మళ్ళీ సరిచేసుకో. పాత స్టాక్‌ని, బ్యాండ్‌ని, స్క్రూలని ఒక కవర్లో పెట్టి దాచు. అమ్మేటప్పుడో, రాష్ట్రం మారేటప్పుడో పనికొస్తుంది. న్యూజెర్సీ వెళ్ళేదే ఖాయమైతే ఇంట్లోనే పాత స్టాక్ బిగించి, తూటాలు తీసి, తాళం పెట్టెలో వేసి, కారు డిక్కీలో పెట్టుకుని వెళ్ళు. దారిలో ఉన్న రాష్ట్రాల మీదుగా ఇలా తీసుకెళ్ళడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది గానీ, బయల్దేరిన చోట, చేరే చోట రెండిట్లోనూ అది లీగల్ అయితేనే. అక్కడ ఇంకో రైఫిల్ కొనాలంటే ముందు పర్చేజర్ ఐడీ కార్డు (తుపాకీ కొనడానికి ఇచ్చే అనుమతి కార్డు) తెచ్చుకోవాలి.

ఒకటి మరిచిపోయేవాణ్ణి. సంక్రాంతికి ఇండియా వెళ్తున్నావు. రేంజ్‌కి వాడే బ్యాగుని ప్రయాణానికి వాడకు. అడుగున మరిచిపోయిన ఒక్క .22 తూటాతో శంషాబాద్‌లో పట్టుబడినా ఆయుధాల చట్టం కిందే కేసు. తీసేసిన స్టాక్‌ని ఊళ్ళో మీ తాతయ్య తుపాకీకి పనికొస్తుందేమోనని సూట్‌కేసులో వేసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకో. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ తుపాకీని స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు జేబులో భద్రంగా పెట్టుకునే మనిషి ఆయన. నువ్వు అలాంటి బహుమతి తెస్తే గుమ్మంలోకే రానివ్వడు.

కార్ట్‌లో ఉన్నది తీసేసి, బ్యారెల్ మీద ఉన్న రాతలు, మజిల్ (బ్యారెల్ కొస) దగ్గర మరలు ఉన్నాయో లేదో కనిపించేలా రెండు ఫొటోలు నాకు వాట్సాప్ చెయ్. సీరియల్ నంబర్ మీద వేలు పెట్టి తియ్. చూసి ఏది కొనాలో చెబుతాను. ఈ ఆదివారం కాకుండా వచ్చే ఆదివారం మీ అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంటోంది. రైఫిల్ పెట్టెలో పెట్టుకుని వచ్చెయ్, టార్క్ స్క్రూడ్రైవర్ నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ మామయ్య