ల్యాప్‌టాప్ లేదు, తెలుగు మీడియం. ఆన్‌లైన్ కోర్సులు నిజంగా పనికొస్తాయా?

నువ్వు అడిగింది ఇదీ: డిగ్రీ రెండో ఏడాది, ఇంటర్ దాకా తెలుగు మీడియం, చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు, ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే వస్తుందా లేక టైమ్ వేస్టా అని.

వస్తుంది తమ్ముడూ. కాకపోతే నాకు మొదటి ఏడాదిన్నర ఏమీ రాలేదు. ఎందుకు రాలేదో చెప్తేనే నీకు ఎక్కువ ఉపయోగం అనుకుంటున్నా.

మాది పలాస దగ్గర, ఉద్దానం వైపు ఒక చిన్న ఊరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివా. నాన్నకు ఎకరంన్నర జీడితోట ఉండేది, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో సగానికి పైగా చెట్లు కూల్చేసింది, ఆ తర్వాత అమ్మ కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీకి పప్పు పొట్టు తీసే పనికి వెళ్లడం మొదలుపెట్టింది. కాబట్టి ల్యాప్‌టాప్ అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. 2019లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్‌లో చేరా. మౌస్ పట్టుకోవడం కూడా అక్కడి ల్యాబ్‌లోనే నేర్చుకున్నా. సరిగ్గా చేయి అలవాటు పడుతోంది అనుకునేసరికి 2020 మార్చిలో లాక్‌డౌన్.

ఆన్‌లైన్ క్లాసులంటే మాకు ఎలా ఉండేవంటే, ఇంట్లో ఒక్కటే ఫోన్, అది చెల్లికీ నాకూ కలిపి. రోజుకి ఒకటిన్నర జీబీ. మా ఇంట్లో సిగ్నల్ అందదు, పక్కింటి పిన్నివాళ్ల డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో కూర్చుంటే రెండు గీతలు వచ్చేవి. సార్ గొంతు ముక్కలు ముక్కలుగా వినపడేది, చివర్లో "అర్థమైందా?" అనేవారు, అందరూ "యెస్ సార్" అని టైప్ చేసేవాళ్లు. నేనూ చేసేవాణ్ణి, అరగంట నుంచి బొమ్మ ఆగిపోయి ఉన్నా సరే. పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు, ఆయనకి కనపడేది మా పేర్ల మొదటి అక్షరాలే.

క్లాసులతో పని కాదని యూట్యూబ్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద తెలుగు పాఠాలు పట్టుకున్నా. రాత్రి పన్నెండు దాటాక డేటా మళ్లీ వస్తుంది కదా, అప్పుడు డౌన్‌లోడ్ పెట్టుకుని పగలు చూసేవాణ్ణి. అరవై దాకా వీడియోలు చూశా. అన్నీ అర్థమయ్యాయి, నిజంగానే. తర్వాత కాలేజీ తెరిచారు, ల్యాబ్‌లో ఖాళీ స్క్రీన్ ముందు కూర్చున్నా, ఒకటి నుంచి వంద వరకు సరి సంఖ్యలు ప్రింట్ చేయమన్నారు. మొదటి లైను ఏం రాయాలో తెలియలేదు. అరవై వీడియోల్లో ప్రతి లైనూ పాఠం చెప్పే ఆయనే రాశాడు, నేను తల ఊపా, అంతే జరిగింది. ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశా. ఫ్రీ వెబినార్ అని నంబర్ ఇస్తే ఒక కోచింగ్ వాళ్లు రోజూ ఫోన్ చేసి, ఇవాళ సాయంత్రం లోపు కడితేనే ఈ ధర అని టెన్షన్ పెట్టేసి మూడు వేలు కట్టించుకున్నారు. అవి అమ్మ డబ్బులు. తీరా చూస్తే యూట్యూబ్‌లో ఉన్న పాఠాలే, ఇంకాస్త మెరుపుతో. డబ్బు కట్టి నేర్చుకోవడం తప్పని అనను, కానీ ఇవాళే కట్టు అని తొందరపెట్టేవాళ్లకి మాత్రం ఒక్క రూపాయి కట్టకు.

నాకు పనిచేసింది ఎన్‌పీటెల్. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు ఇవి, పాఠాలు పూర్తిగా ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, అప్పట్లో వెయ్యి రూపాయలు. 2021 జూలైలో ఐఐటీ రోపర్ ప్రొఫెసర్ సుదర్శన్ అయ్యంగార్ గారి 'జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్'లో చేరా, పన్నెండు వారాల కోర్సు. అందులో వైకుంఠపాళి ఆటకి ప్రోగ్రాం రాయిస్తారు, మనం స్కూల్లో నోటు పుస్తకం వెనక పేజీలో రెండు పేర్లు రాసి అక్షరాలు కొట్టేస్తూ ఆడే ఫ్లేమ్స్ ఉంది చూడు, దానికి కూడా. అది చూశాక భయం సగం పోయింది.

మరి ఇంగ్లిష్? మొదటి వారం పావుగంట వీడియోకి గంటన్నర పట్టింది. తర్వాత తెలిసింది ప్రతి పాఠానికీ ఆయన మాట్లాడిన మాటలన్నీ పీడీఎఫ్‌లో ఉంటాయని. ముందు అది చదవడం, తెలియని పదాలు రాసుకోవడం, అప్పుడు వీడియో చూడటం. నాలుగో వారానికి తెలియని పదాలు బాగా తగ్గాయి, ఎందుకంటే ఈ సబ్జెక్టులో తిరిగే ఇంగ్లిష్ మాటలు మహా అయితే రెండు మూడు వందలు. కొన్ని కోర్సులకి తెలుగు అనువాదం కూడా దొరుకుతుంది గానీ, నా మాట విని ఇరుక్కుపోయినప్పుడే దాన్ని తెరువు.

రెండోది నోటు పుస్తకం. ఫోన్‌లో పైడ్రాయిడ్ అనే యాప్‌లో పైథాన్ నడుస్తుంది, కానీ ఫోన్ నాకు రోజుకి రెండు గంటలే దొరికేది. అందుకని ప్రోగ్రాం అంతా ముందు కాగితం మీద రాసి, ఏ లైను దగ్గర ఏ విలువ ఎంత అవుతుందో పక్కన పెన్సిల్‌తో వేసుకుని, ఫోన్ చేతికొచ్చాక టైప్ చేసేవాణ్ణి. తప్పు వస్తే మళ్లీ కాగితం. గతిలేక పెట్టుకున్న పద్ధతే అనుకో, చదువు వచ్చింది మాత్రం దానివల్లే.

మూడోది గడువు. ప్రతి వారం అసైన్‌మెంట్‌కి ఆఖరి తేదీ ఉంటుంది, పన్నెండింటిలో బాగా వచ్చిన ఎనిమిదింటిని లెక్కేస్తారు, దానికి 25 మార్కులు, పరీక్షకి 75. నేనూ నా క్లాస్‌మేట్ ఒకడూ కలిసి చేరాం, రాత్రి తొమ్మిదికి ఎవరు ముందు చేశారో ఫోన్‌లో గొడవ. ఒక్కణ్ణే అయితే మూడో వారం మానేసేవాణ్ణి, ఇందులో నాకు అనుమానం లేదు, అంతకుముందు రెండు కోర్సులు అలాగే మానేశా.

పరీక్ష మాత్రం ఆన్‌లైన్ కాదు, సెంటర్‌కి వెళ్లి రాయాలి. నాకు విశాఖపట్నం పడింది. తెల్లారకముందే పలాసలో రైలెక్కి, ఒక్కడినే, టిఫిన్ డబ్బాతో. 58 మార్కులు వచ్చాయి. అరవై వస్తే సర్టిఫికెట్ మీద ఎలీట్ అని వేస్తారు, రెండు మార్కుల్లో పోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అమ్మ మాత్రం దాన్ని లామినేషన్ చేయించింది.

ఆ తర్వాత ఎంసీఏ చేసి, ఇప్పుడు విశాఖలోనే ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా. ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. ఒక తెల్లకాగితం ఇచ్చి ప్రోగ్రాం రాయమన్నారు. పక్కన ల్యాప్‌టాప్ ఉన్న కుర్రాళ్లు తలలు గోక్కుంటున్నారు, నాకేమో అది రోజూ చేసే పనే.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది చెప్తా. కొత్త కోర్సులు జనవరిలో, జూలైలో మొదలవుతాయి, ఒక్కటే ఎంచుకో, రెండొద్దు. మీ కాలేజీలో ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్, అంటే కాలేజీలో ఈ కోర్సుల సంగతి చూసుకునే విభాగం, ఉందేమో కనుక్కో. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, ఎన్‌పీటెల్ కోర్సులు అందులోనే ఉంటాయి) చేసి క్రెడిట్లు తీసుకోవచ్చు, కానీ మీ యూనివర్సిటీ ఒప్పుకోవాలి, అది పరీక్షల విభాగంలో ముందే అడుగు. ల్యాబ్ అసిస్టెంట్ అన్నతో పరిచయం పెంచుకో, మధ్యాహ్నం భోజనాల టైమ్‌లో సిస్టమ్‌లు ఖాళీగా ఉంటాయి. ఫోన్‌లో రాసేటప్పుడు కోలన్, బ్రాకెట్లు వెతుక్కోవడానికే ఓపిక అయిపోతుంది, దానికి ఆ గుర్తులన్నీ కీబోర్డ్ పైన ఒక వరసలో పెట్టుకోవచ్చు, రాకపోతే కింద కామెంట్ పెట్టు, ఎలాగో చెప్తా.