జ్యోతి ప్రజ్వలన అయ్యాక ఆ కొవ్వొత్తి నాకివ్వండి

పోయిన నెల ఒక జవాబులో, మాట వరసకి, "యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పేవాళ్ళని ఏడాదికి రెండుసార్లైనా బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించండి" అని రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది వాయించారు. వాటిలో ఐదు ఇక్కడ.

ప్రశ్న: మాస్టారూ, మాది జిల్లా పరిషత్ హైస్కూలు. సైన్స్ డేకి ఒక ప్రొఫెసర్ గారిని పిలుద్దామంటే మా హెచ్ఎం గారు "సిలబస్సే తలకెక్కడం లేదు, వీళ్ళకి యూనివర్సిటీ పాఠాలెందుకు, అదీ పబ్లిక్ పరీక్షల ముందు" అంటున్నారు. ఆయనకేం చెప్పమంటారు? (ఒక సైన్స్ టీచరు, ప్రకాశం జిల్లా)

జవాబు: టీచరు గారూ, ఆయన అన్నదాంట్లో సగం నిజముంది, ఆ సగం ముందు ఒప్పేసుకోండి. ఫిబ్రవరి నెలాఖరులో పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి క్వాంటం మెకానిక్స్ వినమంటే వాళ్ళు వినరు, వినకపోవడమే మంచిది కూడా. సైన్స్ డే నాడే పెట్టాలని శాసనమేం లేదు. 1928లో ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడింది కాబట్టి 1987 నుంచి ఆ తేదీన పండగ చేసుకుంటున్నాం, అంతవరకే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి దసరా సెలవులకు ముందో తర్వాతో ఒక శనివారం మధ్యాహ్నం పెట్టుకుంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇక "తలకెక్కదు" అన్న మాట. తలకెక్కకపోతే చాలాసార్లు తప్పు పిల్లలది కాదు, మాలాంటి వక్తలది. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో ఒక బడికి వెళ్ళి సెమీకండక్టర్ల మీద మాట్లాడాను. ముందు ప్రార్థన గీతం, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదకి ఆహ్వానాలు, శాలువాలు, శాలువా కప్పినవారికి మళ్ళీ శాలువాలు, ఇలా నా చేతికి మైకు వచ్చేసరికి ముప్పావు గంట గడిచింది. పిల్లలు అప్పటికే టార్పాలిన్ మీద కూర్చుని ఒకరి జడ ఒకరు లాగుతున్నారు. నేను అదేం చూడకుండా పి టైపు, ఎన్ టైపు అంటూ బోర్డు నింపేశాను. చివర్లో "ఎనీ డౌట్స్?" అంటే మూడో వరసలో ఒక పిల్లాడు లేచాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. "సార్, ఆ దీపం ఇందాకటి నుంచి గాలికి ఊగుతోంది గానీ ఆరట్లేదు, ఎందుకు?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. వాళ్ళ సారు కూర్చోమని సైగ చేశారు. నేనూ నవ్వేశాను, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రోజు ఆ షామియానా కింద యూనివర్సిటీ స్థాయి మాట అన్నది వాడొక్కడే.

ఎందుకంటే అలాంటి దీపం మీదే మైకేల్ ఫారడే అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825 నుంచి క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం ఉపన్యాసాలు పెడుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్ళు ఆగింది తప్ప ఇప్పటికీ నడుస్తోంది, 1966 నుంచి టీవీలో కూడా వస్తోంది. అందులో ఫారడే ఒక్కడే 19 విడతలు మాట్లాడాడు. 1848లో ఒకసారి, 1860 చివర్లో మరోసారి ఆయన తీసుకున్న విషయం కొవ్వొత్తి. ఒక్క కొవ్వొత్తి, ఆరు రోజులు! దాన్నుంచే మైనం, గాలి, నీళ్ళు, మన ఊపిరి దాకా లాక్కెళ్ళాడు.

ఆయన చూపించినవాటిలో ఒకటి మీరే చేసి చూడండి. మన సభల్లో కుందిలో వత్తులు వెలిగించడానికి ముఖ్య అతిథి చేతికి ఒక కొవ్వొత్తి ఇస్తాం కదా, వెలిగించాక అది ఏ మూలకో పోతుంది. దాన్ని పోనివ్వకండి. గాలి రాకుండా తలుపులు వేసి, నిమిషంసేపు వెలగనిచ్చి, మెల్లగా ఊదండి. వత్తి నుంచి తెల్లటి పొగ దారంలా పైకి లేస్తుంది. వెలిగించిన అగ్గిపుల్లని వత్తికి తగలకుండా, అంగుళం పైన, ఆ పొగలో పెట్టండి. మంట ఆ దారం పట్టుకుని కిందకి దూకి వత్తిని అంటుకుంటుంది. వెనక బెంచీ వాడు కూడా లేచి నిలబడతాడు, పందెం.

అప్పుడు ఏమీ చెప్పొద్దు, అడగండి. మండుతున్నది ఏమిటి? వత్తి అంటారు. వత్తే మండితే రెండు నిమిషాల్లో అయిపోవాలి కదా? మైనం అంటారు. మరి మైనం ముద్దకి అగ్గిపుల్ల పెడితే కరుగుతుంది గానీ అంటుకోదేం? ఇలా ఇలా వాళ్ళే చివరికి వస్తారు, మైనం కరిగి వత్తిలోంచి పైకి పాకి ఆవిరై ఆ ఆవిరి మండుతోందని, ఆ తెల్ల పొగ ఇంకా మండని మైనమేనని. భూమి చుట్టూ తిరుగుతూ, బరువన్నదే తెలియని అంతరిక్ష నౌకలో మంట ఇలా సూదిగా ఉండదు, నీలం రంగు బంతిలా గుండ్రంగా ఉంటుంది. అదెందుకో అడిగి వదిలేస్తే ఆ పూటకి చాలు. హెచ్ఎం గారిని ముందు వరసలో కూర్చోబెట్టి అగ్గిపుల్ల ఆయన చేతికే ఇవ్వండి.

ప్రశ్న: సార్, నేను యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. వచ్చే నెల ఒక బడిలో గంటసేపు మాట్లాడమన్నారు. నా దగ్గర 70 స్లైడ్లు ఉన్నాయి, ఎన్నిటికి తగ్గించమంటారు?

జవాబు: పదికి. ఆ పదిలో కూడా మీ బయోడేటా, మీ డిపార్ట్‌మెంట్ బిల్డింగు ఫొటో ఉండకూడదు. 25 నిమిషాలు మాట్లాడండి, మిగతా టైమంతా పిల్లలది. తెలుగులో మాట్లాడండి, ఎంట్రోపీని ఎంట్రోపీ అనే అనండి ఫర్వాలేదు, కానీ చుట్టూ ఉన్న వాక్యం మన వాక్యం అయ్యుండాలి. ఇంకో సంగతి, టాక్ పేరు. "నానో పదార్థాలు - అనువర్తనాలు" అని బోర్డు మీద రాస్తే పిల్లలు సగం నిద్రలోనే లోపలికొస్తారు. జర్మనీలో ట్యూబింగెన్ యూనివర్సిటీ వాళ్ళు 2002లో పిల్లల యూనివర్సిటీ అని మొదలుపెట్టి, సొంత ప్రొఫెసర్లతోనే, పెద్దలు కూర్చునే హాల్లోనే పిల్లలకి ఉపన్యాసాలిప్పించారు. మొదటిదాని పేరు "అగ్నిపర్వతాలు నిప్పులు ఎందుకు కక్కుతాయి?" అంతే. భూగర్భశాస్త్రం అన్న పదమే లేదు. మీ 70 స్లైడ్లలో అలాంటి "ఎందుకు" ఒక్కటి ఉంటే దాన్ని ఉంచుకుని మిగతావి తీసేయండి. లేదంటే మాత్రం ఆ బడికి ఫోన్ చేసి ఇంకో నెల గడువడగడం మేలు.

ప్రశ్న: మాస్టారు గారూ, మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించాం. ఆదివారం ఎక్కడో బ్లాక్ హోల్స్ మీద టాక్ ఉంది వెళ్తానంటుంది. ఆదివారం వాళ్ళకి వీక్లీ టెస్టు. ఇవి వింటే జేఈఈకి ఏమైనా ఉపయోగమా? (ఒక తల్లి, హైదరాబాద్)

జవాబు: అమ్మా, మార్కుల్లో అయితే ఉపయోగం సున్నా. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. కానీ వారానికొక టెస్టు రాసే పిల్ల తనంతట తాను వెళ్తానన్న చోటు ఎన్ని ఉంటాయో చెప్పండి. ఏడాదికి ఒక్క టెస్టు పోతే కొంపలేం మునగవు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి అదృష్టవంతులు. జీవశాస్త్ర పరిశోధనలు చేసే సీసీఎంబీ ఓపెన్ డే పెట్టి ల్యాబుల్లోకి పిల్లల్ని రానిస్తుంది. ఇస్రో వాళ్ళకి యువిక అని బడిపిల్లల కార్యక్రమం ఉంది, 2019లో మొదలైంది, సరిగ్గా తొమ్మిదో తరగతి వాళ్ళకే, రెండు వారాలు వాళ్ళ కేంద్రాల్లోనే ఉంచుకుంటారు, ఖర్చు వాళ్ళదే. పదో తరగతిలో పై ఒక్క శాతంలో నిలిచి ఇంటర్‌లో సైన్స్ తీసుకున్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఇన్‌స్పైర్ శిబిరాలు ఉంటాయి, ఐదు రోజులు పెద్ద పెద్ద శాస్త్రవేత్తల మాటలు వినొచ్చు. ఆ ఒక్క శాతం గీత నాకు నచ్చదనుకోండి, కుతూహలానికి ర్యాంకేమిటి. ముంబైలో టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 2009 నుంచి "చాయ్ అండ్ వై?" అని నడుపుతున్నారు, ఆదివారం పొద్దున నాటకాల థియేటర్లో టీ తాగుతూ సైన్స్ కబుర్లు, ఎవరైనా వెళ్ళొచ్చు, మార్కుల లిస్టు అడగరు. నా ఓటు అలాంటివాటికి.

ఒక్క జాగ్రత్త మాత్రం. టాక్ అవ్వగానే తలా ఒక ఫారం ఇచ్చి నాన్నగారి ఫోన్ నంబరు రాయమన్నారంటే అది టాక్ కాదు, అడ్మిషన్ల క్యాంపెయిను. నంబరు రాయకుండా సమోసా తిని వచ్చేయమనండి.

ప్రశ్న: అయ్యా, నేను తెలుగు పండితుణ్ణి, కర్ణాటక సరిహద్దులో మడకశిర వైపు పనిచేస్తున్నాను. ఉపన్యాసాలంటే అందరూ సైన్సే అంటారు. మా భాషల వాళ్ళం పిల్లలకి యూనివర్సిటీ స్థాయిలో చెప్పడానికి ఏమీ లేదా?

జవాబు: ఎంత మంచి చోట ఉండి ఎంత మాట అడిగారండీ! మీ తరగతిలో సగం మందికి కన్నడం ఇంట్లోనో వీధిలోనో వచ్చే ఉంటుంది. ఏ యూనివర్సిటీ భాషాశాస్త్ర విభాగానికీ అంతకన్నా మంచి ల్యాబ్ ఉండదు.

బోర్డు మీద రెండు వరసలు గీయండి. తెలుగులో చెవి, కన్నడంలో ఏమిటని అడగండి. కివి అంటారు. చెరువు? కెరె. మూడోదానికి వాళ్ళే అరుస్తారు, మన "చ" ఉన్నచోట వాళ్ళకి "క" అని. వెంటనే సంబరపడకుండా, కన్ను అడగండి. కణ్ణు. కాలు? అక్కడా కాలు. కోడి? కోళి. ఇక్కడ మనకీ "క"నే ఉంది. సూత్రం చెడింది కదా అని పిల్లలు నీరుగారిపోయినప్పుడు "క తర్వాత ఏ అచ్చు ఉందో చూడండి" అని ఆగండి. నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. ఎవరో ఒక పిల్ల చెబుతుంది, ఇ, ఎ వస్తే మారింది, అ, ఆ, ఓ వస్తే మారలేదని. నోట్లో నాలుక ముందుకి జరిగి పలికే అచ్చులు ఇ, ఎ, వాటి ముందున్న "క"ని కూడా ముందుకి లాగేశాయి. వాళ్ళనే నోట్లో అనుకుని చూడమనండి, క్లాసంతా కి, చి అంటూ నవ్వులు.

ఒకడు తప్పకుండా "మరి కింద అంటాం కదా సార్?" అంటాడు. అలా అన్నవాడికి పెన్ను బహుమతిగా ఇవ్వొచ్చు. పాత పుస్తకాల్లో అది క్రింద, మధ్యలో "ర" అడ్డుంది. కిటికీ అంటే, అది ఉత్తరాది నుంచి తర్వాత వచ్చిన మాట. చివరగా చిలుక. కన్నడంలో గిళి, తమిళంలో కిళి. తమిళంలో చెవికి చెవే, అంటే అక్కడ మారింది, కిళి దగ్గర మాత్రం మారలేదు. ఎందుకు? ఆ "ళ" వైపు చూడమని చెప్పి గంట కొట్టించేయండి.

ఇదంతా ఎప్పుడో ఎవరో ఊహించిన కబుర్లు కావు. 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట జతచేస్తూ తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమని, సంస్కృతం నుంచి పుట్టినవి కావని మాటల పట్టికలు వేసి చూపించాడు. ద్రావిడ భాషల గురించి అందరూ చెప్పుకునే కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది, దానికి నలభై ఏళ్ళ ముందన్నమాట. తర్వాత ఈ రంగంలో ప్రపంచం చదివే పేర్లలో ఒకటి ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారిది. ఈ రెండు ముక్కలు చివర్లో చెప్పండి, ముందు చెబితే చరిత్ర పాఠం అయిపోతుంది. బయటి వక్త కూడా అక్కర్లేదు, మీరే వక్త. పక్క బడి వాళ్ళు పిలిస్తే మాత్రం శాలువా పుచ్చుకోండి.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లోకి మారాను. మా బడికి వచ్చిన మేడం డీఎన్ఏ గురించి మాట్లాడారు, సగం అర్థం కాలేదు. పక్కవాళ్ళు తల ఊపుతూనే ఉన్నారు. నేను డల్లా?

జవాబు: బాబూ, పక్కవాళ్ళు కూడా నిన్ను చూసి "వీడికి అర్థమైనట్టుంది" అనుకునే ఉంటారు. సెమినార్లలో మేమూ అలాగే తల ఊపుతాం, ఇది బయట చెప్పకు.

సగం అర్థమైందంటే బాగానే విన్నావు. ఇందాక ఫారడే గురించి రాశాను కదా, ఆయన కమ్మరి కొడుకు, పుస్తకాలకి అట్టలు కట్టే షాపులో పనికి కుదిరాడు. 1812లో ఆ షాపుకొచ్చే ఒకాయన టిక్కెట్లిస్తే వెళ్ళి హంఫ్రీ డేవీ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా నోట్సు రాసి, బొమ్మలు గీసి, చేతిలో ఉన్న విద్యే కాబట్టి చక్కగా అట్ట కట్టి, ఆ డేవీకే పంపాడు. మరుసటి ఏడాది ఆయన దగ్గరే ల్యాబులో పని దొరికింది.

నువ్వు అట్ట కట్టక్కర్లేదు. అర్థం కాని సగంలోంచి ఒక్క ప్రశ్న, ఇంగ్లిష్ గురించి బెంగపడకుండా తెలుగులోనే, ఒక కాగితం మీద రాసి మీ సైన్స్ టీచరు ద్వారా ఆ మేడంకి పంపు. రెండు వారాల్లో జవాబు రాకపోతే నాకు పంపు. డీఎన్ఏ నాకూ అంతంతమాత్రమే, తెలిసినవాళ్ళ చేత రాయించి వచ్చే నెల ఇక్కడే వేయిస్తాను.